తొమ్మిదో పేజీ సరిగ్గానే ఉంది

జనవరి 5

రియలిన్ పొద్దున పోట్ల లెక్కలు కట్టే మా ఆఫీసుకి రాగానే నా బల్ల పక్కన నిలబడి కాసేపు కిటికీలోంచి సముద్రాన్ని చూసింది. మా దీవిలో చిన్నవాళ్లు పెద్దవాళ్లని ఏదైనా అడగాలంటే ముందు సముద్రాన్ని చూడాలి. నేనూ చూశాను. కొత్తగా ఏమీ లేదక్కడ.

"మనోయ్, మీ చేట పైథాన్‌కి పనిచేస్తుందా?" అంది చివరికి.

"చేటకి వడ్లయితే ఏంటి, మొక్కజొన్నయితే ఏంటి దాయ్?" అన్నాను. మా భాషలో మనోయ్ అంటే అన్న, దాయ్ అంటే చెల్లి.

ఆమె ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. ఇంజనీరు. అయినా చేట అని నేను పేరు పెట్టుకున్న ప్రోగ్రాం ఏమిటో ఆమెకి ఎవరూ సరిగ్గా చెప్పలేదట. చెప్పాను. బాగా చెప్పాననిపించింది కాబట్టి ఇక్కడ కూడా రాసుకుంటున్నాను.

"పోట్ల పుస్తకం ఒక్కటే. అందులో మన భాషలో మాటలుంటాయి. చంద్రుడు నీళ్లని ఎలా లాగుతాడు, రేవు ముందున్న మన బగకాయ్ దిబ్బ మీద పోటు నీళ్లు ఎంతసేపు నిలుస్తాయి, ఇవన్నీ. ఆ మాటల మధ్యలో ప్రోగ్రాం ముక్కలుంటాయి. చేట ఆ ముక్కల్ని ఏరి, వరసలో పేర్చి, యంత్రానికి ఒక ఫైలు ఇస్తుంది. మాటల్నీ ముక్కల్నీ కలిపి మనకి పుస్తకం అచ్చేస్తుంది. ఫైలు యంత్రం చదువుకుంటుంది, పుస్తకం మనం చదువుకుంటాం. ఎవరి కూడు వాళ్లది."

"బాగుంది మనోయ్. కానీ ముక్కలన్నీ పాత భాష ఫోర్‌ట్రాన్‌లోనే ఉన్నాయి కదా. సర్ లూమాపస్ పైథాన్ అడుగుతున్నారు."

లూమాపస్ అంటే ప్రాంతీయ కార్యాలయంలో పెద్దాయన. జులైలో పరీక్షకి వస్తాడట. అప్పటికి మన పుస్తకం కొత్త భాషని కూడా పట్టించుకుంటే సరే. లేకపోతే పోట్ల కాగితం, అంటే నీళ్లు ఎప్పుడొస్తాయో ఎప్పుడు తీస్తాయో చెప్పేది, పట్నం నుంచి తయారుగా కొనేస్తారు. పట్నం కాగితంలో పెద్ద ఓడరేవు పోట్లుంటాయి. మన దిబ్బ దానికి తెలియదు. దిబ్బ దాటకుండా ఈ దీవిలోంచి ఎవడూ బయటికి పోలేడు, లోపలికి రాలేడు.

నేను పల్లెటూరి బడిలో చదువుకున్నవాణ్ణి. ఆ పుస్తకం రాయడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. అలమరాలోకి పోవడానికి రాయలేదు.

జనవరి 8

అయిపోయింది. ఒక మధ్యాహ్నం పట్టింది, అందులోనూ సగం భోజనం.

పైథాన్‌లో ఎడమ పక్క ఎంత ఖాళీ వదిలామన్నదే అర్థం. పెళ్లి విందులో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూసి చుట్టరికం చెప్పేసే ముసలమ్మ లాంటి భాష. ఇంతకుముందు నా చేట ఒక ముక్కని ఇంకో ముక్క మధ్యలో పెట్టేటప్పుడు ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేసేది. ఇప్పుడు ఆ చోట ఎంత ఖాళీ ఉందో చూసి, ముక్కలోని ప్రతి వరసనీ అంత కుడికి జరుపుతుంది. అన్ని భాషలకీ ఒకటే న్యాయం.

రియలిన్ తన పైథాన్ ముక్కలు పెట్టి చూసింది. పోటు గీతలు చక్కగా వచ్చాయి. చప్పట్లు కొట్టింది. నేను ఊరికే ముక్కు గోక్కున్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడ ఫెలిసింగ్‌కి చెప్పాను, నా చేటకి ఇప్పుడు రెండు భాషలొచ్చని.

"మా ఆయనకి ఒక్కటే వచ్చు. అందులో 'తప్పయింది' అనే మాట లేదు" అంది.

జనవరి 12

ఏడాది పోట్ల కాగితం అచ్చేశాం. రేవులో రంగు గీతల కొలకర్ర దగ్గర నిలబడి సరిచూశాను. కాగితం ఎంతంటే నీళ్లు అంత. ఊరంతా వంటిళ్లలో తగిలించుకున్నారు, క్యాలెండరు పక్కన, జాలర్లని కాపాడే పునీతుడు సాన్ పెడ్రో బొమ్మ కింద.

జనవరి 30

సరిపోయింది.

ఫిబ్రవరి 21

పాస్యో వచ్చాడు. నా పినతల్లి కొడుకు, నన్ను చనువుగా 'పారే' అంటాడు, దీవిలో అందరికంటే పెద్ద పడవ వాడిదే. పండగనాడు సాన్ పెడ్రో విగ్రహాన్ని ఎక్కించుకుని తిప్పేది ఆ పడవే.

"పారే, సముద్రం ఈ మధ్య నీ కాగితం కంటే కాస్త ముందొస్తోంది."

"ఎంత ముందు?"

"ఒక సిగరెట్టంత."

"నువ్వు సిగరెట్టు మెల్లగా తాగుతున్నావు" అన్నాను.

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అయినా తొమ్మిదో పేజీ తీసి చూశాను. చంద్రుడి పోటు వేగం అక్కడే ఉంటుంది, ఇరవై ఎనిమిది తర్వాత చుక్క పెట్టి ఏడు అంకెలు. ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాను. సరిగ్గా ఉంది.

మార్చి 14

ఈశాన్యపు గాలి ఈ ఏడు ఎక్కువ రోజులు నిలిచింది. గాలి నీళ్లని తోస్తుంది. అందుకే పోటు తొందరపడుతోంది. ఈ మాట ఆఫీసులో చెబితే అందరూ ఒప్పుకున్నారు. మా పెద్ద మేడమ్ కిన్యోనెస్ కూడా.

రియలిన్ మాత్రం మళ్లీ సముద్రాన్ని చూసింది. తర్వాత, "మనోయ్, యంత్రానికి వెళ్లిన ఫైలు ఒకసారి తెరిచి చూడనా?" అంది.

"ఎందుకు దాయ్? ఉన్నదంతా పుస్తకంలోనే ఉందిగా" అన్నాను.

ప్రతి ఫైలు పైనా చేట చేత నేను ఒక వాక్యం అచ్చు వేయిస్తాను: "ఈ ఫైలు తెరవొద్దు, దిద్దొద్దు. ఏం కావాలన్నా పుస్తకంలో చూడండి." పూర్వం ఒకాయన ఫైల్లోనే దిద్దేసేవాడు, చేట మళ్లీ తిప్పగానే ఆయన దిద్దినదంతా మాయమయ్యేది. ఆయన మళ్లీ దిద్దేవాడు. పదవీ విరమణ దాకా దిద్దాడు. అందుకే ఆ వాక్యం పెట్టాల్సి వచ్చింది.

అమ్మాయి సరేనంది. తెలివైన పిల్ల.

మార్చి 15

తొమ్మిదో పేజీ చూశాను. సరిగ్గానే ఉంది.

ఏప్రిల్ 9

ఈశాన్యపు గాలి ఆగిపోయి వారమైంది.

పోటు ఇంకా ముందే వస్తోంది.

ఏప్రిల్ 17

కొలకర్ర వంగిందని నా అనుమానం. పోయినేడు సిమెంటు మోసే పడవ ఒకటి దాన్ని రాసుకుంటూ పోయింది. వంగిన కర్ర అబద్ధం చెబుతుంది. పాస్యోని తీసుకెళ్లి తాడూ సీసపు గుండూ వేలాడేసి చూశాం.

"నిటారుగా ఉంది పారే."

"కాస్త ఇటుపక్కకి లేదూ?"

"నువ్వు వంగి చూస్తున్నావు."

అయినా రంగు వేయించాను. ఎర్ర గీతలు మెరిసిపోతున్నాయి. చాలా దూరం నుంచి కూడా కనిపిస్తుంది ఎంత తేడా ఉందో.

మే 3

ఎండుచేపలమ్మే నాంగ్ ఓసాంగ్, అంటే ఓసాంగక్క, సంతలో నన్ను పేరు పెట్టి పిలిచి ఆపింది.

"పులోయ్, నీ కాగితం ఇప్పుడు నేనెలా చూస్తున్నానో తెలుసా? అందులో ఉన్న టైముకి అన్నం ఉడికే టైము తీసేస్తాను. సరిగ్గా వస్తోంది."

"అన్నం వండటం నీకు బాగా వచ్చు నాంగ్" అన్నాను.

"అన్నం సంగతి కాదురా. పోయిన నెల చిన్న గిన్నె సరిపోయేది. ఇప్పుడు పెద్ద గిన్నె పట్టాల్సి వస్తోంది."

ఊరంతా ఇలాగే సర్దుకుంటోంది. ఎవరూ కోప్పడటం లేదు. కోప్పడితే బాగుండునని ఎందుకనిపించిందో తెలియదు.

మే 4

ఇవాళ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి పుస్తకం మొదటి పేజీ నుంచి పైకి చదివించాను. ఇది మా పాత పద్ధతి. ఒకరు చదువుతారు, మిగతావాళ్లు వింటూ తప్పు వెతుకుతారు. మూడో పేజీలో ఒక కామా ఎక్కువుంది. తొమ్మిదో పేజీ రియలిన్ చదివింది. అంకెలు ఒక్కొక్కటీ పలికింది. నేను చూడకుండా అప్పజెప్పాను. ఒక్కటీ తప్పలేదు.

ఇక చేసేదేముంది? పుస్తకం సరిగ్గా ఉంది. అయితే సముద్రమే.

జూన్ 11

సముద్రాల మట్టం ప్రపంచమంతా మారుతోందని రేడియోలో చెప్పారు. పాస్యోకి చెప్పాను.

"ప్రపంచమంతా మారుతుంటే పక్క దీవి వాళ్ల కాగితం ఎందుకు సరిపోతోంది?" అన్నాడు.

వాడికి చదువు అబ్బి ఉంటే చాలా ఇబ్బంది అయ్యేది.

జూన్ 29

సాన్ పెడ్రో పండగ. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఊరేగింపు టైము ఎప్పుడూ నా కాగితం చూసే పెడతారు. పోటు మీద పడవలు దిబ్బ దాటి, చుట్టూ తిరిగి, నీళ్లు తీసేలోపు లోపలికి వచ్చేయాలి. పాస్యో పడవలో ముందు సాన్ పెడ్రో, పక్కన ఫాదర్ మోంతెబోన్, వెనక మేయరు, ఆయన వెనక బాజా వాళ్లు, వాళ్ల వెనక నేను. బయల్దేరే ముందు పాస్యో నన్ను అడిగాడు.

"పారే, కాస్త ముందు తిరిగొచ్చేద్దామా?"

"కాగితం ప్రకారం ఇంకా టైముంది" అన్నాను. మేయరు వింటున్నాడు మరి.

తిరిగొచ్చేటప్పుడు దిబ్బ మీద పడవ అడుగు గరగరమంది. తర్వాత ఆ చప్పుడు కూడా లేదు. బాజా వాళ్లు ఒక్కొక్కరే ఆపారు, పెద్ద డోలు వాడు చివరికి ఆపాడు. చిన్న పడవలన్నీ మా పక్కనుంచి జారుకుంటూ వెళ్లిపోయాయి. బరువంతా సాన్ పెడ్రో దగ్గరే ఉంది కదా.

చుట్టూ నీళ్లు తీసేస్తున్నాయి. మోకాళ్ల లోతు, ఆ తర్వాత మడమల లోతు.

పాస్యో ఇంజను ఆపి, జేబులోంచి నా కాగితం తీసి, మడత విప్పి, జాగ్రత్తగా చదివాడు.

"పారే, నీ కాగితం ప్రకారం మనం తేలుతున్నాం" అన్నాడు.

ఫాదర్ మొదట నవ్వాడు. ఆయన నవ్వాక మేయరు నవ్వాడు. తర్వాత ఊరివాళ్లు ఒడ్డు నుంచి నడుచుకుంటూ వచ్చేశారు, నెత్తి మీద కాల్చిన పందితో, కొబ్బరాకు అన్నం పొట్లాలతో, కల్లు కుండలతో. పండగ దిబ్బ మీదే అయింది. పిల్లలు సాన్ పెడ్రో చుట్టూ పీతలు పట్టారు. సాయంత్రం మళ్లీ పోటు వచ్చాక పడవ లేచింది. అందరూ ఇంత బాగా ఎప్పుడూ జరగలేదన్నారు.

నేను పంది ముట్టుకోలేదు. ఫెలిసింగ్ అది గమనించింది, అడగలేదు.

ఎవరో వీడియో తీశారు.

జూన్ 30

మేడమ్ కిన్యోనెస్ పిలిచింది. లూమాపస్ సర్ వీడియో చూశాడట. జులై పదకొండున వస్తాడు. ఆలోపు తప్పెక్కడుందో తేలకపోతే పుస్తకం అలమరాకే, పట్నం కాగితం ఆగస్టు నుంచే.

"గోడల మీద కాగితాలన్నీ తీయించేయండి మనోయ్" అంది. పాపం, ఆమె నా ముఖం చూడలేదు. సముద్రాన్ని చూసింది.

జులై 1

తొమ్మిదో పేజీ సరిగ్గానే ఉంది.

జులై 2

పొద్దున రియలిన్ నా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది. కిటికీ వైపు చూడలేదు. నేరుగా నన్నే చూసింది. దాంతోనే నాకు భయమేసింది.

"మనోయ్, ఫైలు తెరుద్దాం."

"అమ్మా దాయ్, ఫైల్లో ఉన్నది పుస్తకంలో ఉన్నదే."

"అయితే తెరిస్తే నష్టం లేదుగా."

తెరిచాను. నా వాక్యం పైన కనిపించింది, తెరవొద్దని. ఎవడో పెద్దమనిషి రాసినట్టు ఉంది. కిందికి వెళ్లాం. చంద్రుడి వేగం వరస వచ్చింది. వేలు పెట్టి చదివాను. ఇరవై ఎనిమిది, చుక్క, తొమ్మిది ఎనిమిది నాలుగు ఒకటి సున్నా నాలుగు రెండు.

"చూశావా? ఇక్కడా సరిగ్గానే ఉంది" అన్నాను.

ఆమె నా చేతిలోంచి మౌసు తీసుకుని, వరస చివర, ఆ ఆఖరి రెండు మీద నొక్కింది.

"మనోయ్, ఇది ఎన్నో గడి?"

కింద మూలన యంత్రం చెబుతోంది. డెబ్భై ఏడు.

బయట ఎవరో పడవకి తారు పూస్తున్నారు, ఆ వాసన వస్తోంది.

ఫోర్‌ట్రాన్ పుట్టింది ప్రోగ్రాంని అట్టముక్కల మీద చిల్లులుగా పొడిచే కాలంలో. ఒక అట్టకి ఒక వరస, ఒక గడికి ఒక అక్షరం. డెబ్భై రెండో గడి దాకా ప్రోగ్రాం, ఆ పైన ఉన్నవి అట్టల నంబర్లకి, కింద పడి చెల్లాచెదరైతే మళ్లీ పేర్చుకోవడానికి. అందుకే డెబ్భై రెండు దాటినదాన్ని ఆ భాష ఇప్పటికీ చదవదు. తప్పని అరవదు, అడగదు. గేటు బయట నిలబడ్డవాణ్ణి చూడనట్టు ఉండిపోతుంది. ఇది నాకు ముప్ఫై ఏళ్లుగా తెలుసు. పుస్తకంలో ఆ వరసని సరిగ్గా డెబ్భై రెండో గడి దగ్గర ఆగేలా రాసిందీ నేనే. అందంగా ఉంటుందని.

జనవరిలో నా చేటకి కుడికి జరపడం నేర్పాను కదా. పైథాన్ కోసం. అన్ని భాషలకీ ఒకటే న్యాయం కదా. ఆ ముక్క పెట్టే చోట అయిదు ఖాళీలున్నాయి, అవీ అందానికే. చేట వాటిని కలిపింది. వరస అయిదు గడులు జరిగింది. చివరి అయిదు అంకెలు గేటు బయట పడ్డాయి. యంత్రానికి దక్కింది ఇరవై ఎనిమిది, చుక్క, తొమ్మిది ఎనిమిది. అంతే.

నా చంద్రుడు గంటకి చీమ తలంత వెనకబడ్డాడు. లెక్క జనవరి ఒకటిన మొదలవుతుంది కాబట్టి జనవరిలో ఏమీ తెలియలేదు. రోజురోజుకీ కూడుకుని సాన్ పెడ్రో నాటికి అరగంట దాటింది. నా కాగితంలో పోటు మెల్లగా వస్తోంది. అసలు పోటు దానికోసం ఆగలేదు.

"మార్చిలోనే అడిగావు నువ్వు" అన్నాను.

"తెరవొద్దని పైన మీరే రాశారు కదా మనోయ్" అంది, చాలా మర్యాదగా.

జులై 4

సరే. తప్పు తెలిసింది. పైథాన్ వచ్చాకే ఇదంతా. అంతకుముందు అన్నేళ్లు ఒక్క పోటు తప్పలేదు. కుడికి జరిపే పని తీసేస్తే చాలు, అంతా పూర్వంలాగే. రియలిన్‌తో అదే అన్నాను.

"మీ ఇష్టం మనోయ్" అంది.

మా దగ్గర 'మీ ఇష్టం' అంటే వద్దని. మధ్యాహ్నం ఆమె తన అన్నం డబ్బా విప్పకుండానే ఇంటికి తీసుకెళ్లిపోయింది.

ఫెలిసింగ్ చేపలు తోముతుంటే చెప్పాను. అంతా విని, "మా అమ్మ వస్తే మెత్తటి అన్నం వండుతానా?" అంది.

"వండుతావు."

"నీ తమ్ముడొస్తే?"

"వాడికి పలుకుగా ఉండాలి."

"ఇద్దరూ ఒకేసారి వస్తే ఒకళ్లని వాకిట్లోంచే పంపేస్తున్నానా? రెండు గిన్నెలు పెడతాను. పొయ్యి ఒకటే."

"ప్రోగ్రాం అంటే అన్నం కాదు ఫెలిసింగ్."

"నాకేం తెలుసు ప్రోగ్రాం సంగతి. కత్తి అందుకో."

జులై 5

పొద్దున్నే రియలిన్ ఇంటికెళ్లాను. వాళ్లమ్మ కాఫీ ఇచ్చింది. మనిషి బయటికి వచ్చేదాకా సముద్రాన్ని చూశాను. వాళ్లింట్లోంచి సముద్రం కనిపించదు, పక్కింటి గోడ కనిపిస్తుంది. దాన్నే చూశాను.

"దాయ్, చేటలో ప్రతి భాషకీ ఒక పేజీ పెడదామా?" అన్నాను.

"కాఫీ తాగండి ముందు" అంది. లోపలికెళ్లి తన సంచీ తెచ్చుకుంది.

జులై 6

చేటని కూడా పుస్తకంలాగే రాశాను కాబట్టి పేజీలు చేర్చడం తేలికే. భాషకొక పేజీ. అందులో ఆ భాష అలవాట్లు మాటల్లో, మాటల కింద చేటకి ముక్కలు. ఫోర్‌ట్రాన్ పేజీ నేను రాశాను.

"ఈయన పెద్దాయన. ఆరు గడులు వదిలి మొదలుపెట్టాలి, డెబ్భై రెండులోపు ముగించాలి. ఆ పైన ఏం చెప్పినా వినిపించుకోడు, వినలేదని చెప్పడు కూడా. కాబట్టి ఈయన్ని కుడికి జరపకూడదు. వరస గీత దాటితే చేట గట్టిగా అరిచి అక్కడే ఆగిపోవాలి. ఈయన తరఫున అరవాల్సింది మనమే."

రియలిన్ చదివి నవ్వింది. "మనోయ్, ఇది ఫోర్‌ట్రాన్ గురించేనా?" అంది.

"ఇంకెవరి గురించి?"

పైథాన్ పేజీ ఆమె రాసింది. నాకంటే తక్కువ మాటల్లో, నాకంటే బాగా. చివర ఒక నియమం పెట్టింది. పేజీ లేని భాషని చేట ముట్టుకోదు. నాకు కాస్త కష్టంగానే ఉంది. ఏ భాషైనా సరే అని చెప్పుకుని తిరిగినవాణ్ణి. ఒప్పుకున్నాను.

ఫైలు పైన వాక్యం కూడా మార్చాను. "దిద్దొద్దు. కానీ తెరిచి చూడండి, దయచేసి."

జులై 8

కొత్త కాగితం వచ్చింది. పొద్దున పోటు దగ్గరా, మధ్యాహ్నం ఆటు దగ్గరా నేనూ రియలిన్ కొలకర్ర పక్కన కూర్చున్నాం. నీళ్లు చెప్పిన చోట, చెప్పినప్పుడు ఆగాయి. ఎర్ర గీతలు నిజంగా బాగున్నాయి.

కాగితాలు పంచాం. నాంగ్ ఓసాంగ్ తీసుకుని, అందులో పావుకిలో ఎండుచేపలు చుట్టి నాకే ఇచ్చింది.

జులై 10

సిద్ధంగా ఉన్నాను. రేపటికి ఫెలిసింగ్ చొక్కా ఇస్త్రీ చేసింది. రెండుసార్లు చేసింది, మొదటిసారి నేను కూర్చున్నాను.

జులై 11

లూమాపస్ సర్ పొద్దున పోటు మీద పాస్యో పడవలో వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు, మాట తక్కువ. పట్నం వాళ్ల మెరుపు కాగితాల కట్ట సంకలో ఉంది. మేడమ్ అందరికీ కుర్చీలు వేయించింది. పాస్యో పనేమీ లేకపోయినా గుమ్మంలో నిలబడ్డాడు.

రియలిన్ చేట తిప్పి చూపించింది. ఫోర్‌ట్రాన్ ఫైలు, పైథాన్ ఫైలు, పుస్తకం. సర్ కావాలని ఒక ఫోర్‌ట్రాన్ వరసని గీత దాటించమన్నాడు. దాటించింది. చేట అరిచి ఆగిపోయింది. ఆయన భాషల పేజీలు తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. ముఖంలో ఏమీ కనిపించలేదు.

"మీకు తెలియని తప్పులు ఇందులో ఇంకా ఎన్నున్నాయి?" అని నన్ను అడిగాడు.

"తెలియనివాటిని లెక్కపెట్టడం రాదు సర్."

"పట్నం వాళ్లు ఒక్కటీ లేదంటున్నారు."

"నేనూ జూన్ దాకా అదే అన్నాను" అన్నాను.

గుమ్మంలోంచి పాస్యో, "వాళ్ల కాగితంలో మా దిబ్బ ఉందా సర్?" అన్నాడు. మేడమ్ వాడివైపు కళ్లు పెద్దవి చేసింది. వాడు కళ్లు దించుకున్నాడు గానీ కదల్లేదు.

సర్ మెరుపు కాగితాలు తిరగేశాడు. లేదు. ఆయనకి ముందే తెలుసనుకుంటాను.

భోజనంలో పులుపులో ఊరేసిన పచ్చి చేపల కినిలావ్, కల్లు. ఆయన మెల్లగా తింటాడు. ముల్లు ఒక్కొక్కటీ తీసి పళ్లెం అంచున వరసగా పెడతాడు. సాయంత్రం అవతలి దీవిలో పెద్ద ఓడ అందుకోవాలట. పాస్యో రెండుసార్లు వచ్చి తొంగిచూశాడు. మూడోసారి వచ్చినప్పుడు సర్ చేయి కడుక్కుని, గోడ మీద కొత్త కాగితం దగ్గరికెళ్లాడు.

"దీని ప్రకారం దిబ్బ మీద నీళ్లు ఇంకా ఉన్నాయా?"

"మూడున్నర దాకా ఉంటాయి సర్. ఇప్పుడు మూడూ ఇరవై" అంది రియలిన్.

"ఉంటాయి అంటే ఎంత?"

"పాస్యో మనోయ్ పడవకి సరిపడా. మీరు ఒక్కరే, సంచీ ఒకటి. జానెడు మిగులుతుంది."

ఆయన నావైపు తిరిగాడు. "నేను దాటితే పుస్తకం ఉంటుంది. సాన్ పెడ్రోలా అక్కడ కూర్చుండిపోతే, పట్నం కాగితానికి ఆర్డరు రాసుకోవడానికి నాకు కావలసినంత తీరిక దొరుకుతుంది."

ఆయన వేళాకోళం చేశాడో లేదో ఆ ముఖాన్ని బట్టి చెప్పలేం. మేడమ్ నవ్వబోయి ఆగిపోయింది.

"తొందరగా రండి సర్, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు పాస్యో.

రియలిన్ రేవుకి పరిగెత్తింది. నేను వెళ్లలేదు. కాగితం మీద నమ్మకం ఉన్నవాడు రేవులో నిలబడి మెడ సాచడు. ఇంటికొచ్చేశాను. మా వంటింటి కిటికీలోంచి దిబ్బ అంతా కనిపిస్తుంది.

"పక్కకి జరుగు, వెలుతురు రావట్లేదు" అంది ఫెలిసింగ్. పొయ్యి మీద తినోలా, అల్లం వేసిన కోడి చారు, మరుగుతోంది.

పడవ దిబ్బ దగ్గరికొచ్చి మెల్లబడింది. పాస్యో ఇంజను పైకెత్తి గెడ పట్టుకున్నాడు. గెడ ఒకసారి వేశాడు. రెండోసారి వేశాడు. ఆ తర్వాత కాసేపు ఏమీ కదిలినట్టు లేదు.

"ఆగిందా?" అంది ఫెలిసింగ్.

"ఆగలేదు. వెళ్తోంది."

"నీకెలా తెలుసు? కళ్లు మూసుకున్నావుగా."

తెరిచాను. పడవ దిబ్బకి అవతల, నల్లటి నీళ్లలో ఉంది. పాస్యో ఇటు తిరిగి టోపీ తీసి ఊపుతున్నాడు. లూమాపస్ సర్ ఊపలేదు. పడవ అంచు మీంచి బాగా వంగి, వెనకాల జానెడు మిగిలిందో లేదో చూసుకుంటున్నాడు.

"ఇప్పుడైనా తింటావా?" అంది.

"ఎప్పుడు తిననన్నాను?" అన్నాను.

చారు రెండుసార్లు పోయించుకున్నాను.